మెడికల్ వారం పథ్యం

దేముడమ్మకి కోపం ఎక్కువని ఇనపదూలాలు బిగించే యార్డు గేటు దగ్గర అందరికీ తెలుసు. ఇడ్లీ గట్టిగా ఉందన్నవాడి చేతిలోంచి ప్లేటు లాగేసుకుని, "మీ ఇంటికాడ దూదిలాటివి ఎడతారేమో, అక్కడికే ఎల్లి తిను" అని పంపేస్తుంది. వాడు గొణుక్కుంటూ వెళ్ళి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే టిఫిను బండి ముందు నిలబడతాడు. గాజువాక నుంచి పోర్టు వైపు పోయే ఆ దుమ్ము రోడ్డు మీద అంత నోరూరించే అల్లప్పచ్చడి చేసేవాళ్ళు ఇంకొకరు లేరు మరి.

ఈ కోపం ఆమెకి పెళ్ళయ్యాకో, పేదరికం వల్లో వచ్చింది కాదు. చీపురుపల్లి అవతల పల్లెలో, గోగు పండించే ఇంట్లో పుట్టింది. పావడా కట్టుకునే వయసులోనే, తూకంలో తండ్రిని మోసం చేస్తున్నాడని షావుకారు కాటారాయి ఎత్తుకెళ్ళి నూతిలో పడేసిన పిల్ల. ఆ దెబ్బకి కొన్నాళ్ళు మేనత్త ఇంట్లో దాచాల్సి వచ్చింది. "దీనికి మొగుడు ఎలాటోడు దొరుకుతాడో" అని తల్లి ఏడ్చింది. దొరికినవాడు నీలకంఠం.

నీలకంఠం ఖలాసీ. టన్నుల బరువున్న ఇనపదూలాలకి తాళ్ళు కట్టి, గొలుసులు వేసి, క్రేనుతో పైకి లేపించి, తను కూడా పైకెక్కి వాటిని సరిగ్గా కూర్చోబెట్టే పని. నేల మీద నెమ్మదిగా నడిచే ఆ మనిషి, పైన దూలం మీద మన పెరట్లో మనం తిరిగినట్టు తిరుగుతాడు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. పెళ్ళాం తిడుతుంటే గోడకి ఆనుకుని, "అయిపోనాదా? అయితే అన్నం ఎట్టు" అంటాడు. మొగుడూ పెళ్ళాల్లో ఎవరికి బీపీ ఉందో చెప్పమంటే గేటు దగ్గర చిన్నపిల్లాడైనా దేముడమ్మనే చూపిస్తాడు.

ఎత్తు మీద పనిచేసేవాళ్ళకి కంట్రాక్టరు ఏడాదికోసారి డాక్టరు పరీక్ష పెట్టిస్తాడు. అది పాసైతేనే పైకెక్కడానికి కార్డు ఇస్తారు. బీపీ ఎక్కువుంటే కార్డు ఉండదు, తక్కువ కూలికి కింద నట్లూ బోల్టులూ ఏరి డబ్బాల్లో వేసుకునే పనిలోకి దింపేస్తారు. చేతిలో పనితనం ఉన్న ఖలాసీకి అంతకన్నా తలవంపులు లేవు. అందుకే నీలకంఠం గ్యాంగులో ఒక ఆచారం పాతుకుపోయింది. దానిపేరు మెడికల్ వారం.

ఆ వారం వచ్చిందంటే మగాళ్ళంతా తాగుడు మానేస్తారు. మెడికల్ షాపులో అడిగి బీపీ మాత్రలు తెచ్చుకుని, ఒకటి వేసుకోవాల్సిన చోట రెండు వేసుకుంటారు. ఇళ్ళల్లో ఉప్పు డబ్బా అటక ఎక్కుతుంది. చందనోత్సవానికి సింహాచలం వెళ్ళేటప్పుడు కూడా అంత నిష్ఠగా ఉండరు. పథ్యం ఎలా వండాలో ఆడవాళ్ళందరికీ నేర్పింది దేముడమ్మే. ఉప్పులేని చోడంబలి, అదే రాగి అంబలి, వెల్లుల్లి వేసిన సొరకాయ కూర, కరివేపాకు చారు. నోటికి సయించేలా ఉప్పు లేకుండా వండటం మాటలు కాదు. దాన్ని అందరూ దేముడమ్మ పథ్యం అనేవారు. ఆ మాట వింటే ఆమెకి లోపల గర్వంగానే ఉండేది.

పరీక్ష పాసయ్యాక వచ్చే ఆదివారం పండగ. మిగిలిన మాత్రలు చెత్తబుట్టలోకి, ఉప్పు డబ్బా కిందికి. ఎండు నెత్తళ్ళ చేపల పులుసు, వేటమాంసం, సీసాలు. ఏడాదిపాటు ఇక బీపీ లేదన్నట్టే. చదువుకున్నవాళ్ళకి ఇది నవ్వులాటగా ఉంటుంది. వాళ్ళ ఉద్యోగాలు బీపీ చూడ్డానికి చేతికి చుట్టే పట్టీ మీద ఆధారపడి ఉండవు కదా, నవ్వుతారు.

గ్యాంగులో నీలకంఠానికి కుడిచెయ్యి దొరబాబు. గోదావరి వైపు నుంచి పనికొచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరు బావా అనుకునేవారు. ఒక ఏడాది అలాగే మెడికల్ పాసై, ఆదివారం నెత్తళ్ళ పులుసు మారు వడ్డించుకుని తిన్నాడు. వానలు మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున దేముడమ్మ బండి ముందు టీ తాగుతుంటే గ్లాసు చేతిలోంచి జారి పగిలింది.

"ఏటి దొరబాబూ, కళ్ళు కనపడవేటి? గ్లాసు నీ సేతే కొనిపిస్తాను" అని దేముడమ్మ అరుస్తూ తలెత్తింది. అతని నోరు ఒక పక్కకి పోయి ఉంది. ఏదో చెప్పాలని చూస్తున్నాడు, మాట రావడం లేదు. కుడికాలు వంగిపోయి పక్కనే ఉన్న నీలకంఠం మీద వాలిపోయాడు.

పక్షవాతం. బీపీ బాగా ఎక్కి తలలో నరం చిట్లిందనీ, ఇది చాలాకాలం నుంచి ఉన్న జబ్బేననీ పెద్దాసుపత్రిలో చెప్పారు. కంట్రాక్టరు మనిషి వచ్చి మంచం పక్కన నిలబడి, "మా మెడికల్లో ఫిట్ అనే ఉంది కదమ్మా, కార్డు చూసుకోండి. ఇంటి దగ్గర ఏం తాగాడో మాకేం తెలుసు" అని, నూట ఇరవై బై ఎనభై అని రాసున్న కార్డు చూపించి, ఒక బత్తాయిల సంచి అక్కడ పెట్టి పోయాడు. దేముడమ్మ ఆ సంచి ఎత్తుకుని మెట్ల దాకా తరిమి అతని చేతిలోనే పెట్టింది. దాంతో ఆమె కోపం చల్లారలేదు సరికదా, వెనక్కొచ్చాక దొరబాబు భార్య మంగాయమ్మ అడిగిన మాటకి ఇంకా రగిలింది.

"వదినా, మీరు చెప్పినట్టే వండిపెట్టానండి. వారమంతా ఒక్క పూట కూడా ఉప్పు వెయ్యలేదు. మరి ఆయనకెందుకిలా అయ్యిందండి?"

మంగాయమ్మ నిందించడం లేదు. నిజంగానే తెలియక అడుగుతోంది. ఆ పథ్యం నేర్పింది దేముడమ్మే. తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి వచ్చి నీలకంఠాన్ని ఆరోగ్య కేంద్రానికి రమ్మంటే రాడు. అందుకని, "నాకే కళ్ళు తిరుగుతన్నాయి, తోడు రా మావా" అని అబద్ధమాడి తీసుకెళ్ళింది. అక్కడి నర్సు ఆశాజ్యోతి ముందు దేముడమ్మకి పట్టీ చుట్టి చూసింది. శుభ్రంగా ఉంది. నీలకంఠం పకపకా నవ్వాడు. "దీనికి లేకపోతే లోకంలో ఇంకెవరికీ లేనట్టేనమ్మా."

"సరే బాబాయ్, వచ్చారు కదా, మీరూ కూర్చోండి" అంది ఆశాజ్యోతి. చూసింది. మాట్లాడకుండా కాసేపు కూర్చోమని మళ్ళీ చూసింది. నూట ఎనభై ఆరు బై నూట పన్నెండు. నవ్వు దేముడమ్మ మొహంలోనూ లేదు, ఆ పిల్ల మొహంలోనూ లేదు. లోపలికి తీసుకెళ్ళి అక్కడి డాక్టరమ్మకి చూపించి, మాత్రలు ఇప్పించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"పిన్నీ, ఇది జ్వరం లాంటిది కాదు, తగ్గింది కదా అని మందు ఆపెయ్యడానికి. మందు వేసుకుంటున్నంతకాలమే అదుపులో ఉంటుంది. ఆపితే మళ్ళీ ఎక్కుతుంది. తలనొప్పి రావాలనీ, కళ్ళు తిరగాలనీ లేదు. ఏమీ తెలియకుండానే గుండెనీ, మెదడునీ, కిడ్నీలనీ తినేస్తుంది. రోజూ మాత్ర, ఏడాదంతా ఉప్పు తక్కువ, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవడం. అంతకన్నా ఏమీ లేదు."

ఆ అంతకన్నా ఏమీ లేనిదే నీలకంఠం చెయ్యలేదు.

దారిలోనే మొదలుపెట్టాడు. "నిద్ర బాగా పడతాది, ఆకలి బాగా ఏస్తాది. నాకేటి జబ్బు? రోజూ మాత్రలు మింగుతన్నానని యార్డులో తెలిసిందంటే కార్డు పోతాది. మెడికల్ వచ్చినప్పుడు ఏసుకుంటాను లే." మాత్రలు బియ్యం డబ్బా మీద పెట్టాడు. రోజూ పొద్దున్న దేముడమ్మ అడుగుతుంది, ఊఁ అంటాడు. సాయంత్రం చూస్తే మాత్రల అట్ట అలాగే ఉంటుంది. అరిచే మనిషితో అయితే పోట్లాడవచ్చు. ఊఁ అనేసి చేయనివాడితో ఏం చేస్తారు? కూరలో ఉప్పు తగ్గించింది. అతను పచ్చడి జాడీ దగ్గరికి జరుపుకున్నాడు. జాడీ పక్కింట్లో పెట్టొచ్చింది. అతను పక్కింటికి వెళ్ళి కలుపుకు తిన్నాడు. అతను పైకెక్కిన ప్రతిరోజూ, దోసె తిప్పుతూ తిప్పుతూ ఆమె తలెత్తి దూలం వైపు చూసేది. దొరబాబుకి నేల మీద వచ్చింది కాబట్టి ప్రాణంతో ఉన్నాడు. ఈయనకి అక్కడ వస్తే?

మళ్ళీ మెడికల్ వారం వచ్చింది. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని దేముడమ్మ గుమ్మంలోకి వచ్చారు. ఆమె పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"ఏడాదంతా తింటారంటే సెప్పండి, నా పేనం ఎట్టి వండుతాను. వారం కోసం అయితే నా పొయ్యి ఎలగదు" అంది.

గ్యాంగులో పడుచువాడు గోపి కూడా వచ్చాడు. "కార్డు పోతే మా పిల్లలకి నువ్వు ఎడతావేటి అక్కా కూడు?" అని ముఖం మీదే అడిగాడు. "దొరబాబు పిల్లలకి ఎవులు ఎడతన్నారో ముందు సెప్పరా" అని ఆమె కూడా ముఖం మీదే అంది. గోపి తల దించుకుని పోయాడు. ఆ రాత్రి నుంచి నీలకంఠం తనే గంజి కాచుకుని, తనే రెండేసి మాత్రలు మింగాడు. పెళ్ళాంతో పలకలేదు.

అప్పుడే దేముడమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. డాక్టరుకే చెప్పేస్తుంది. వీళ్ళంతా మాత్రలు మింగి వస్తున్నారు, మీ మిషను చూపించేది నిజం కాదు, మా ఆయనకి కార్డు ఇవ్వొద్దు అని. అలా చెబితే మొగుడు జన్మలో క్షమించడని ఆమెకి తెలుసు. గేటు దగ్గర బండి కూడా ఉండనివ్వరేమో. కింద బోల్టులు ఏరుకున్నా మనిషి ఉంటాడు. ఆ ఒక్క ముక్కే పట్టుకుని, మనసు గట్టి చేసుకుంది.

పరీక్ష రోజున గేటు లోపల టెంటు వేశారు. డాక్టరు కారు దిగి, పని మొదలెట్టకముందే దేముడమ్మ బండి దగ్గరికి వచ్చాడు. ఏటా ఆమె చేతి ఇడ్లీ తిని గాని కుర్చీలో కూర్చోడు. ఆమె వడ్డించి, పచ్చడి వేసి, అటూ ఇటూ చూసి చెప్పేసింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

డాక్టరు ఇడ్లీ ముక్క పచ్చడిలో అద్దుకుంటూ విన్నాడు. "నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. "అందరూ మింగే వస్తారమ్మా. ప్రతి యార్డులోనూ ఇంతే. నేను అన్‌ఫిట్ రాస్తే కంట్రాక్టరుకి మనుషులు చాలరు. చాలకపోతే నన్ను మానేసి ఇంకో డాక్టర్ని పిలుస్తాడు. ఊరికే నోరు చేసుకోకు. మీ ఆయన పేరేమిటి? నీలకంఠమా? ఇచ్చేస్తాలే కార్డు."

ఎవరి చేతిలోంచైనా ప్లేటు లాగేసుకునే దేముడమ్మకి ఆ పూట చెయ్యి ఆడలేదు. అతను తినడం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, టెంటులోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నీలకంఠం కొత్త కార్డు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. చాలారోజుల తర్వాత మొహంలో నవ్వుంది. "పాసయిపోనాను. ఇంక కోపం మానీసి ఆదివారం పులుసు ఎట్టు" అన్నాడు.

"డాట్రుకి సెప్పీసినాను" అంది దేముడమ్మ.

నవ్వు ఆగిపోయింది. "ఏటి సెప్పినావు?"

"మీరంతా మాత్రలు మింగి వస్తన్నారని. నీకు కార్డు ఇవ్వొద్దని."

నీలకంఠం జేబు మీద చెయ్యి వేసుకుని ఆమె వైపు ఒక అడుగు వేశాడు. కొడతాడేమో అనుకుంది. "మరి కార్డు ఇచ్చినాడు గదే?"

"ఇచ్చినాడు. ఆడికి ముందే తెల్సు. పచ్చడి అద్దుకుంటా ఇడ్లీ తిన్నాడు మావా. మీరు పథ్యాలు సేసి, దొంగసాటుగా మాత్రలు మింగి, ఆళ్ళని బోల్తా కొట్టించేసినామని ఆదివారాలు పండగ సేసుకుంతన్నారు. ఆళ్ళకి కావలసింది కార్డు. నీ ఒంట్లో ఏటుందో ఆళ్ళకి అక్కర్లేదు. నువ్వు పైనించి పడితే ఆ కార్డు సూపించి, ఫిట్ గానే ఉన్నాడు, ఇంటికాడ ఏటి తాగినాడో అంటారు. దొరబాబుకి అన్నట్టే అంటారు. నానేమో గిన్నెలు గిన్నెలు అంబలి కాసినాను, సిగ్గులేకండా."

చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఆమె ఏడవడం నీలకంఠం ఎప్పుడూ చూడలేదు. అతను కార్డు బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆళ్ళ కళ్ళల్లో దుమ్ము కొడతన్నామనుకున్నాం" అని నెమ్మదిగా అన్నాడు. ఆ ఆదివారం అతను పులుసు అడగలేదు. మధ్యాహ్నం దొరబాబు ఇంటికి వెళ్ళి, అతనికి చెంచాతో అన్నం తినిపించి వచ్చాడు. సోమవారం పొద్దున కార్డు సూపర్‌వైజరు బల్ల మీద పెట్టి, "నా బీపీ తగ్గేదాకా కింద పనే ఇయ్యండి బాబూ" అన్నాడు.

యార్డంతా నవ్వింది. దూలాల మీద తిరిగిన హెడ్డు ఖలాసీ ముక్కాలిపీట మీద కూర్చుని బోల్టులు ఏరుతుంటే, కొందరు కావాలని ఆ పక్కగా నడిచి వెళ్ళేవారు. నీలకంఠం తలెత్తేవాడు కాదు. అతన్ని చూసి నవ్విన ప్రతివాడికీ దేముడమ్మ బండి దగ్గర గట్టి ఇడ్లీయే దొరికింది.

బీపీ కూడా ఒక్కరోజులో మాట వినలేదు. ఒక మాత్రతో సరిపోలేదు. డాక్టరమ్మ రెండోది కలిపింది. కాళ్ళు వాచాయి. ఇదివరకటి నీలకంఠమైతే ఆ వంకతో అన్నీ పారేసేవాడు. ఈసారి వాచిన కాళ్ళతోనే ఆరోగ్య కేంద్రానికి నడిచివెళ్ళి, మాత్ర మార్పించుకున్నాడు. పొద్దున పళ్ళు తోముకోగానే మాత్ర, అది ఇద్దరి మధ్యా ఒట్టులా అయిపోయింది. నెత్తళ్ళ వాసన వస్తే ముక్కు మూసుకుని వీధి దాటేవాడు. "సప్పిడి కూడు తినీ తినీ నోరు సచ్చిపోనాదే" అని విసుక్కునేవాడు. "నోరు సస్తే సావనీ, నువ్వుండు" అనేది ఆమె. నూట అరవై, నూట యాభై, మళ్ళీ పెరిగి నూట అరవై. ఒక పెళ్ళిలో మందు తాగొచ్చిన వారం అది. ఆ వారం దేముడమ్మ తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. చలికాలం పోయేసరికి నూట ముప్పై దగ్గర నిలిచింది. నెలల తరబడి అక్కడే నిలిచాక, పైకెక్కవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

మళ్ళీ పరీక్ష వచ్చింది. ఈసారి వాళ్ళింట్లో మెడికల్ వారం లేదు. రోజూ తినేదే తిని, రోజూ వేసుకునే మాత్రే వేసుకుని నీలకంఠం టెంటులో వరసలో నిలబడ్డాడు. గేటు పక్కనే బండి దగ్గర నుంచి దేముడమ్మ చూస్తోంది. అదే డాక్టరు. ఆ ఏడు యార్డులో పని ఎక్కువ, వరస పొడుగు. ఇదివరకు మిషను తన వైపు తిప్పుకుని, చేతికి పట్టీ అయినా చుట్టి తీసేవాడు; ఈసారి అదీ లేదు, పేరు అడిగి, కార్డు మీద రాసి, తర్వాతివాడిని పిలుస్తున్నాడు.

"నీలకంఠం. నూట ఇరవై బై ఎనభై. ఫిట్. తర్వాత?"

నీలకంఠం కుర్చీలోంచి లేవలేదు. "మిషను కట్టలేదు బాబూ."

"అక్కర్లేదులే. చూస్తే తెలియడం లేదా, బాగానే ఉన్నావు."

"కట్టండి."

"వెనకాల ఎంతమంది ఉన్నారో చూడు. లే."

అప్పుడు నీలకంఠం గొంతు లేచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో దేముడమ్మ ఆ గొంతు వినలేదు. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఏడాది బట్టి ఉప్పు మానీసి, తాగుడు మానీసి, కాళ్ళు వాసినా ఓర్సుకుని తగ్గించుకున్నాను. నాది నూట ముప్పై రెండు. నూట ఇరవై కాదు. ఈ నూట ఇరవై బై ఎనభై నాకు తెల్సు. మా దొరబాబు కార్డు మీద కూడా ఇదే రాసినారు మీరు. ఆడికీ ఇలాగే సూడకండానే రాసినారా?"

డాక్టరు మొహం ఎర్రబడింది. బల్ల కింద సంచిలోంచి మిషను తీశాడు, చేతికి పట్టీ చుట్టాడు, మీట నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. మిషన్లో బ్యాటరీలే లేవు.

దేముడమ్మకి ఒక్కసారిగా ఇన్నేళ్ళ అంబలి గిన్నెలన్నీ కళ్ళముందుకొచ్చాయి. ఉప్పు లేకుండా వండించిన ఇళ్ళు, రెండేసి మింగిన మాత్రలు, ఆ బీపీని ఎవడూ చూసింది కూడా లేదు.

"బ్యాటరీలు తెప్పించండి" అన్నాడు నీలకంఠం. "నాను కూకుంతాను."

సూపర్‌వైజరు పరుగున వచ్చి పనికి ఆలస్యమవుతోందని అరిచాడు. వరసలో వెనకనున్న గోపి, చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడుచుకుని నేల మీద కూర్చున్నాడు. అతని వెనకవాడూ కూర్చున్నాడు. ఆ పొద్దున యార్డులో ఎవరూ పైకెక్కలేదు. దేముడమ్మ పొయ్యి ఆర్పేసి, గేటు దాటి వెళ్ళి మొగుడి కుర్చీ పక్కన నిలబడింది. డాక్టర్ని అడగాల్సిన మాటలు నోటి నిండా ఉన్నాయి. ముందు బ్యాటరీలు రానీ అనుకుంది.